పెద్ద స్టేట్ యూనివర్సిటీలో సీటొచ్చింది, చేరాలా?

అమెరికాలోని పెద్ద పబ్లిక్ యూనివర్సిటీల గురించి ఈసారి ఉత్తరాలు చాలా వచ్చాయి. ఒకేలాంటివి కలిపేసి, నలుగురికీ పనికొచ్చేవి ఏరి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయికి బీఎస్‌కి రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి నలభై వేల పైచిలుకు విద్యార్థులున్న స్టేట్ యూనివర్సిటీ, రెండోది రెండు వేల మంది ఉన్న చిన్న ప్రైవేటు కాలేజీ. ఖర్చు ఇంచుమించు ఒకటే. వాడికి కంప్యూటర్ సైన్స్ మీదే మోజు. స్టేట్ యూనివర్సిటీ అడ్మిట్‌లో మేజర్ (ప్రధాన సబ్జెక్టు) దగ్గర 'ఎక్స్‌ప్లోరేటరీ' అని ఉంది. మా చుట్టాలేమో అంతదూరం వెళ్లి గవర్నమెంటు యూనివర్సిటీ ఏమిటండీ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి

జవాబు: ముందు చుట్టాల సంగతి తేల్చేద్దాం. 1862లో వచ్చిన మోరిల్ చట్టం కింద అక్కడి కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు భూములిచ్చి, వాటి మీద వచ్చే డబ్బుతో వ్యవసాయం, ఇంజినీరింగ్ నేర్పే కాలేజీలు నడపమంది. ఇల్లినాయ్ (1867), పర్డ్యూ (1869), ఒహాయో స్టేట్ (1870) అలా పుట్టినవే. బర్క్‌లీ కూడా పబ్లిక్ యూనివర్సిటీయే. ఈ పేర్లు చెప్పి చూడండి, ఎవరైనా పెదవి విరుస్తారేమో.

మీరు ఆలోచించాల్సిందల్లా ఆ 'ఎక్స్‌ప్లోరేటరీ' అన్న మాట గురించే. పెద్ద యూనివర్సిటీకి రెండు గేట్లుంటాయి. యూనివర్సిటీలోకి వెళ్లేది ఒకటి, కోరుకున్న మేజర్‌లోకి వెళ్లేది ఇంకొకటి. మీ అబ్బాయి మొదటిది మాత్రమే దాటాడు. కంప్యూటర్ సైన్స్ కావాలనేవాళ్లు ఉన్న సీట్లకంటే చాలా ఎక్కువ. అందుకని చాలా పెద్ద యూనివర్సిటీలు ఆ మేజర్‌కి మొదట్లోనే నేరుగా సీట్లిచ్చేసి, తర్వాత లోపలినుంచి మారదామనుకునేవాళ్లకు తలుపు సగానికి పైగా మూసేశాయి. ఇంజినీరింగ్‌లోనూ ఇలాంటిదే ఇంకో పద్ధతి ఉంది. టెక్సాస్ ఏ అండ్ ఎం, పర్డ్యూ లాంటి చోట్ల మొదటి ఏడాది ఉమ్మడి ఇంజినీరింగ్ చదివి, ఆ జీపీఏతో బ్రాంచికి అప్లై చేసుకోవాలి. అడిగిన బ్రాంచి రాకపోతే రెండోదో మూడోదో తీసుకోవాల్సిందే.

మే 1లోగా చాలా చోట్ల డిపాజిట్ కట్టాలి కాబట్టి ఈ వారమే అబ్బాయి చేత ఒక మెయిల్ పెట్టించండి. అడ్మిషన్స్ ఆఫీసుకు వద్దు, వాళ్లు 'అవకాశం ఉంది' అని మర్యాదగా రాసి ఊరుకుంటారు. కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్ అడ్వైజింగ్ ఆఫీసుకు పెట్టమనండి. ఎక్స్‌ప్లోరేటరీ నుంచి ఈ మేజర్‌కి మారాలంటే ఏ కోర్సులు, ఎంత గ్రేడుతో పూర్తవ్వాలి? కిందటేడు ఎంతమంది అప్లై చేస్తే ఎంతమందికి దొరికింది? ఒకసారి కాదంటే మళ్లీ అప్లై చేయనిస్తారా? రెండో ప్రశ్నకు అంకెలతో జవాబు రాకపోతే మారడం కష్టమనే లెక్క వేసుకోండి.

కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకేదీ వద్దనే పిల్లాడైతే, ఇలాంటి అడ్మిట్ మీద జూదమాడేకంటే మేజర్ ఖాయంగా ఇచ్చే చిన్న కాలేజీయే మేలని మా అభిప్రాయం. స్టాటిస్టిక్స్, మ్యాథ్స్, ఇన్ఫర్మేషన్ సైన్స్ ఏదొచ్చినా సరే అనుకుంటే మాత్రం పెద్దదానికే మొగ్గండి. చురుకైన పిల్లలు మూడో ఏడాదిలోనే ఎంఎస్ స్థాయి కోర్సులు తీసుకోవచ్చు, ల్యాబులు లెక్కలేనన్ని ఉంటాయి, నియామకాలకు వచ్చే కంపెనీలూ ఎక్కువ. చిన్న కాలేజీలో కొన్ని ఎలక్టివ్‌లు రెండేళ్లకోసారే పెడతారు. ఆ సెమిస్టర్ తప్పిపోతే ఇక ఆ సబ్జెక్టు లేనట్టే.

రెండిటినీ పోల్చడానికి బ్రోషర్లు పక్కన పెట్టి, యూనివర్సిటీ పేరుకు 'కామన్ డేటా సెట్' అని చేర్చి వెతకండి. ఏటా ఒకే నమూనాలో విడుదల చేసే పట్టిక అది. బి భాగంలో ఎందరు డిగ్రీ పూర్తి చేశారో ఉంటుంది. ప్రకటనల్లో వేసుకునేది సాధారణంగా ఆరేళ్లలో పూర్తిచేసినవాళ్ల శాతం. మీరు నాలుగేళ్లది చూడండి, ఎందుకంటే ఐదో ఏడాది ఫీజు మీ జేబులోంచే పోతుంది. విదేశీ విద్యార్థులకు సొంతంగా ఎంత సాయం చేస్తారో హెచ్-6లో దొరుకుతుంది. ఐ-3లో ఎంతమంది కూర్చునే క్లాసులు ఎన్ని ఉన్నాయో ఇస్తారు. దీన్ని చదవడంలో ఒక మెలిక ఉంది. ఇరవై మంది కూర్చునే క్లాసులు పది, నాలుగు వందల మంది కూర్చునే క్లాసు ఒకటి ఉన్నాయనుకోండి. 'మా క్లాసుల్లో 90 శాతం చిన్నవే' అని వాళ్లు రాసుకోవచ్చు, అబద్ధం కాదు. కానీ మొత్తం 600 సీట్లలో 400 ఆ పెద్ద హాల్లోనే ఉన్నాయి. మొదటి ఏడాది మీవాడు కూర్చునేది అక్కడే.

ప్రశ్న: మా అమ్మాయి ఒక పెద్ద యూనివర్సిటీలో ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద బీఎస్ మొదటి ఏడాది చదువుతోంది. వచ్చే సెమిస్టర్ రిజిస్ట్రేషన్ తెరిచేసరికి రెండు ముఖ్యమైన కోర్సులు నిండిపోయాయి. వెయిట్‌లిస్టులో 14వ నంబరు వచ్చింది. ఇంత ఫీజు కట్టి క్లాసు దొరక్కపోవడమేమిటి? రెండిటికీ ఆన్‌లైన్ సెక్షన్లు ఖాళీగా ఉన్నాయి, వాటిలో చేరిపోతానంటోంది.
– ఒక తల్లి

జవాబు: ఆన్‌లైన్‌లో చేరకముందే ఈ లెక్క చూసుకోమనండి. బీఎస్ చదివే ఎఫ్-1 విద్యార్థి సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు చదవాలి. ఆ 12లో పూర్తిగా ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే, అంటే మూడు క్రెడిట్లే లెక్కకు వస్తాయి. క్లాసుకు వెళ్లేవి ఆరు, ఆన్‌లైన్‌వి ఆరు పెట్టుకుంటే యూనివర్సిటీ తెరమీద 12 కనిపిస్తుంది గానీ వీసా లెక్కలో తొమ్మిదే. స్టేటస్ పోతుంది. తెరమీద ఎర్రగీత ఏదీ రాదు కాబట్టి ఈ పొరపాటు తెలివైన పిల్లలే చేస్తుంటారు. ఒక్క ఆన్‌లైన్ కోర్సు పెట్టుకుని, మిగతా తొమ్మిదీ క్లాసువి ఉంటే ఇబ్బంది లేదు. సెమిస్టర్ మధ్యలో కోర్సు వదిలి 12 కంటే తగ్గాల్సి వచ్చినా, ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి తీసుకున్నాకే వదలాలి. వదిలేశాక వెళ్తే వాళ్లు చేయగలిగింది తక్కువ.

క్లాసు దొరక్కపోవడం మాత్రం పెద్ద యూనివర్సిటీల అసలు జబ్బే. ఎవరు ముందు రిజిస్టర్ చేసుకోవాలన్నది సాధారణంగా పూర్తయిన క్రెడిట్లను బట్టి ఉంటుంది. సీనియర్లు ముందు, ఫస్టియర్ చివర. ఆనర్స్ ప్రోగ్రామ్ వాళ్లకు, క్రీడాకారులకు చాలా చోట్ల ఇంకా ముందే తెరుస్తారు. అందుకే స్కూల్లో ఉండగా ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు రాసి ఉంటే ఆ స్కోర్లు ఇప్పుడే పంపించాలి. ఆ క్రెడిట్లు ఖాతాలో పడితే రిజిస్ట్రేషన్ తేదీ కొన్ని రోజులు ముందుకు జరగొచ్చు. తేదీకి రెండు వారాల ముందు ఖాతాలో 'హోల్డ్' ఏమైనా ఉందేమో చూడాలి. అడ్వైజర్‌ని కలవలేదనో, ఫీజులో కొద్ది డాలర్లు బాకీ ఉందనో, టీకా కాగితం అందలేదనో హోల్డ్ పెడతారు. సరిగ్గా ఉదయం ఏడింటికి మీట నొక్కితే అప్పుడు బయటపడుతుంది. అది తీయించుకునేలోపు సీట్లయిపోతాయి.

వెయిట్‌లిస్టు ఎలా కదులుతుందో తెలుసుకుంటే 14 అన్నది అంత భయపెట్టే అంకె కాదు. పెద్ద కోర్సుకు సోమ, బుధవారాల్లో అందరికీ కలిపి ఒక లెక్చర్, శుక్రవారం పాతికమంది చొప్పున డిస్కషన్ సెక్షన్లు ఉంటాయి. చాలా యూనివర్సిటీల్లో వెయిట్‌లిస్టు డిస్కషన్ సెక్షన్‌కే ఉంటుంది. మీ అమ్మాయి శుక్రవారం పదకొండు గంటల సెక్షన్‌లో 14వది అయితే, ఉదయం ఎనిమిది గంటల సెక్షన్‌లో ముగ్గురే ఉండొచ్చు. ఎనిమిదింటికి ఎవరికీ లేవాలని ఉండదు. అక్కడికి మారమనండి. తర్వాత, సీటు ఖాళీ అయినప్పుడు కంప్యూటర్ వరుసలో ఉన్నవాళ్లను చేర్చబోతుంది. ఆ సమయానికి ఇంకో క్లాసు ఉన్నా, క్రెడిట్ల గరిష్ఠ పరిమితి దాటినా ఆమెను వదిలేసి తర్వాతివాళ్లకు ఇచ్చేస్తుంది. 'నా వంతు వచ్చింది, సీటు మాత్రం రాలేదు' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. ఇప్పుడున్న కోర్సును వదిలి కొత్తది పట్టుకోవాలంటే 'డ్రాప్' కొట్టి తర్వాత 'యాడ్' చేయొద్దు, 'స్వాప్' వాడాలి. కొత్త సీటు దొరికితేనే పాతది పోతుంది.

ఫీజు కట్టే గడువు దాటిన మర్నాడు, క్లాసులు మొదలైన మొదటి వారం సీట్లు ఎక్కువగా రాలతాయి. అంతవరకు మొదటి రోజు నుంచే ఆ లెక్చర్‌కి వెళ్లి కూర్చోమనండి, సీటు వచ్చేసరికి రెండు హోంవర్కులు వెనకబడకుండా.

ప్రశ్న: ఒక్కో క్లాసులో మూడు వందల మందిమి. ప్రొఫెసర్‌కి నా మొహం కూడా తెలియదు. రేపు ఎంఎస్‌కో పీహెచ్‌డీకో మూడు రికమెండేషన్ లెటర్లు కావాలంటే ఎవరినడగాలి?
– బీఎస్ రెండో సెమిస్టర్ విద్యార్థిని

జవాబు: మూడు వందల మందిలో ఆఫీస్ అవర్స్‌కి వెళ్లేవాళ్లు చాలా కొద్దిమంది. రెండో వారంలోనో మూడో వారంలోనో వెళ్లండి, గది ఖాళీగా ఉంటుంది. మిడ్‌టర్మ్ ముందురోజు వెళ్తే తలుపు బయట క్యూ ఉంటుంది, రెండు నిమిషాలు కూడా దొరకవు. 'సర్, ఈ చాప్టర్ అర్థం కాలేదు' అంటే ఆయన టీఏ (టీచింగ్ అసిస్టెంట్) దగ్గరికి పంపుతారు. హోంవర్కులో ఫలానా లెక్క ఇక్కడిదాకా చేశాను, ఈ మెట్టు దగ్గర ఆగాను అని కాగితం చూపించండి. రెండు మూడుసార్లు అలా వెళ్తే పేరు గుర్తుంటుంది.

అయినా పెద్ద హాల్లో క్లాసు చెప్పినాయన ఇచ్చే లెటర్‌లో 'ఏ గ్రేడు వచ్చింది' అన్నంతకు మించి ఉండదు. అసలైన లెటర్లు మూడో ఏడాది నుంచి వస్తాయి. పైస్థాయి కోర్సుల్లో ముప్ఫై, నలభై మందే ఉంటారు. వాటిలో ప్రాజెక్టు ఉన్నవి ఎంచుకోండి. ఒకే ప్రొఫెసర్ దగ్గర రెండు కోర్సులు తీసుకోండి. ల్యాబులో అండర్‌గ్రాడ్యుయేట్ రీసెర్చ్‌కి క్రెడిట్లు ఇస్తారు, దానికి రెండో ఏడాది చివర్లో అడగడం మంచి సమయం.

ఇంకొక్క సంగతి. మీ పేపర్లు దిద్దేది ఎక్కువగా టీఏలే. పదిమంది దిద్దితే పదిరకాలుగా మార్కులు పడతాయి. రీగ్రేడ్ అడగడానికి గడువు ఉంటుంది, చాలా కోర్సుల్లో వారమే. పేపరు రాగానే జవాబుల కీ పక్కన పెట్టి చూసుకోండి. మొహమాటపడి వదులుకునే మార్కులు మనవాళ్లవే ఎక్కువ.

ప్రశ్న: మా వాడి మార్కుల గురించి యూనివర్సిటీకి మెయిల్ చేస్తే 'చెప్పలేం' అన్నారు. ఫీజు కట్టేది నేనే కదా!
– ఒక తండ్రి

జవాబు: ఫెర్పా అనే 1974 నాటి చట్టం ప్రకారం కాలేజీలో చేరాక రికార్డుల మీద హక్కు విద్యార్థిది. అతని రాతపూర్వక అనుమతి లేకుండా మీకు చెప్పరు. అతను తన స్టూడెంట్ పోర్టల్‌లోనే మీకు అనుమతి ఇవ్వొచ్చు, ఐదు నిమిషాల పని. అడగాల్సింది యూనివర్సిటీని కాదు, మీ అబ్బాయిని.

ప్రశ్న: ఏడాది అక్కడ ఉంటే ఇన్‌స్టేట్ ఫీజు వస్తుందని సీనియర్ల వాట్సాప్ గ్రూపులో అంటున్నారు. నేను ఎఫ్-1 మీద వెళ్తున్నాను. మా కజిన్ మాత్రం హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగ వీసా మీదున్నవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద అక్కడే ఇంటర్ చదువుతోంది. ఇద్దరికీ వర్తిస్తుందా?
– ఎంఎస్‌కు వెళ్లే విద్యార్థి

జవాబు: మీకు రాదు. ఎఫ్-1 అంటే చదువయ్యాక తిరిగి వెళ్తానన్న మాట మీద ఇచ్చే వీసా. ఇన్‌స్టేట్ ఫీజు ఆ రాష్ట్రంలోనే స్థిరపడతానని చూపించేవాళ్లకు. రెండూ పొసగవు. ఎన్నేళ్లున్నా అవుటాఫ్ స్టేట్ కిందే లెక్క. పబ్లిక్ యూనివర్సిటీ చవక అన్న మాట అక్కడి రాష్ట్రవాసుల కోసం పుట్టింది. ప్రజల పన్నులతో నడిచేది కాబట్టి తగ్గింపు వాళ్లకే. విదేశీ విద్యార్థికి కొన్ని పబ్లిక్ యూనివర్సిటీలు ప్రైవేటువాటితో సమానంగా పడతాయి. ఇంజినీరింగ్, బిజినెస్‌లకు అదనపు ట్యూషన్ వసూలు చేసే చోట్లు కూడా ఉన్నాయి. అందుకే మొత్తం చూడకుండా 'పబ్లిక్' అన్న మాటను నమ్మొద్దు.

దారి లేకపోలేదు. టెక్సాస్ చట్టం ప్రకారం అక్కడి పబ్లిక్ యూనివర్సిటీ పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ ఏడాదికి కనీసం 1,000 డాలర్లు దొరికితే, ఆ విద్యార్థికి ఇన్‌స్టేట్ ట్యూషనే వేసే వీలుంది. వెయ్యి డాలర్లకంటే దానివల్ల మిగిలేదే చాలా ఎక్కువ. కాకపోతే ఎంతమందికి ఇవ్వొచ్చన్నదానికి పరిమితి ఉంది, స్కాలర్‌షిప్ పోతే తగ్గింపూ పోతుంది. జీపీఏ షరతు ఎంతో ముందే చదువుకోండి. ఇతర రాష్ట్రాల్లోనూ డిపార్ట్‌మెంట్లు ఇచ్చే అవుటాఫ్ స్టేట్ ట్యూషన్ వేవర్లు (మాఫీలు) ఉంటాయి. అడ్మిట్ వచ్చిన వెంటనే ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌ని అడగాలి.

మీ కజిన్ సంగతి వేరు. హెచ్-1బి, హెచ్-4 కుటుంబాలను రాష్ట్రవాసులుగా గుర్తించే రాష్ట్రాలు చాలా ఉన్నాయి. సాధారణంగా క్లాసులు మొదలయ్యే నాటికి 12 నెలల నివాసం, తల్లిదండ్రుల పన్ను రిటర్నులు, ఇంటి అద్దె ఒప్పందమో రిజిస్ట్రేషనో, అక్కడి డ్రైవింగ్ లైసెన్సు చూపాలి. పడమటి రాష్ట్రాలవాళ్లకు వెస్టర్న్ అండర్‌గ్రాడ్యుయేట్ ఎక్స్ఛేంజ్ అనే ఏర్పాటు ఉంది. పక్క రాష్ట్రంలో చదివినా, పథకంలో ఉన్న యూనివర్సిటీలో ట్యూషన్ అక్కడి రాష్ట్రవాసులు కట్టేదానికి ఒకటిన్నర రెట్లు దాటదు. అన్ని మేజర్లకూ వర్తించదు. వీసాను బట్టి అర్హత ఉందో లేదో ఆ యూనివర్సిటీనే అడగాలి. 21 ఏళ్లు నిండగానే హెచ్-4 ముగుస్తుంది. డిగ్రీ మధ్యలో ఎఫ్-1కి మారితే ఇన్‌స్టేట్ హోదా నిలుస్తుందా అని రిజిస్ట్రార్‌ని ఇప్పుడే మెయిల్‌లో అడిగి ఉంచుకోమనండి.

ప్రశ్న: పెద్ద యూనివర్సిటీ అయితే ఎంఎస్ వాళ్లకు టీఏ తేలిగ్గా దొరుకుతుందంటారు. నిజమేనా? ప్రొఫెసర్లకు ఇప్పటినుంచే మెయిల్స్ పెట్టాలా?
– బీటెక్ చివరి ఏడాది విద్యార్థి

జవాబు: సగం నిజం. వేలమంది బీఎస్ పిల్లలున్నచోట టీఏలు కావాలి, అందులో సందేహం లేదు. అయితే ముందు వరుసలో పీహెచ్‌డీ వాళ్లుంటారు. వాళ్లకు అడ్మిషన్ ఇచ్చేటప్పుడే ఫండింగ్ మాట ఇచ్చి ఉంటారు. మిగిలినవి ఎంఎస్ వాళ్లకు. ఎన్ని మిగిలాయో బీఎస్ పిల్లలు రిజిస్టర్ చేసుకున్నాక గానీ తేలదు, కొన్నిసార్లు క్లాసులు మొదలయ్యే వారం దాకా. కాబట్టి మొదటి సెమిస్టర్ ఖర్చు లెక్కలో టీఏ డబ్బు వేసుకోవద్దు.

మీ డిపార్ట్‌మెంట్‌లోనే వెతక్కండి. కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్లు స్టాటిస్టిక్స్, మ్యాథ్స్, బిజినెస్ స్కూల్ కోర్సులకూ పనికొస్తారు, అక్కడ పోటీ తక్కువ. ఇల్లినాయ్, పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాల్లో పాఠం చెప్పేవాళ్లకు ఇంగ్లిష్ మాట్లాడటం బాగా రావాలని చట్టమే ఉంది. అందుకని పబ్లిక్ యూనివర్సిటీల్లో టీఏకి మాట్లాడే పరీక్ష విడిగా పెడతారు. దిద్దే పని ఉన్న గ్రేడర్ ఉద్యోగానికి అది సాధారణంగా ఉండదు గానీ, ట్యూషన్ వేవర్ కూడా ఉండదు.

ఆఫర్ వస్తే మూడు చోట్ల వేలు పెట్టి చదవండి. '50 శాతం' అంటే వారానికి 20 గంటలు. సెమిస్టర్ నడుస్తున్నంతకాలం ఎఫ్-1 వాళ్లు క్యాంపస్‌లో చేయగలిగింది అంతే కాబట్టి దాని పక్కన ఇంకో ఉద్యోగం కుదరదు. శాతం తక్కువైతే చాలా చోట్ల ట్యూషన్ మాఫీ కాదు. ట్యూషన్ మాఫీ అయినా 'ఫీజులు' విడిగా ఉంటాయి, హెల్త్ ఇన్సూరెన్సూ ఉంటుంది. అవి మీరే కట్టాలి. ప్రొఫెషనల్ ఎంఎస్ అని పేరున్న ప్రోగ్రాముల్లో కొన్నిటికి వేవర్ వర్తించదని నిబంధనల్లో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఫండింగ్ ఆఫర్‌కు వెంటనే ఒప్పుకోమని తొందరపెడితే, చాలా యూనివర్సిటీలు సంతకం పెట్టిన ఒప్పందం ప్రకారం ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకునే హక్కు మీకుంది.

యాభైమంది ప్రొఫెసర్లకు ఒకే మెయిల్ పంపితే అది చదవకుండానే చెత్తబుట్టకు పోతుంది. 'రెస్పెక్టెడ్ సర్' అన్న మొదటి మాటకే వాళ్లకు తెలిసిపోతుంది. ఆర్ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) పని కావాలంటే అక్కడికి వెళ్లాక ఒకరి కోర్సు తీసుకుని, అందులో బాగా చేసి, ఆయన ఈమధ్య వేసిన పేపరులో మీరు చేయగలిగిన పని ఏమిటో నాలుగు వాక్యాల్లో రాయండి. 'డబ్బులు లేకుండా చేస్తాను' అని మాత్రం రాయొద్దు. మామూలుగా జీతమిచ్చే పనిని ఉచితంగా చేయడం వీసా నియమాలతో చిక్కు తేవచ్చు. ముందు డీఎస్ఓని అడగాలి.

ప్రశ్న: స్టేట్ యూనివర్సిటీ ఎంఎస్‌కంటే ఒక ప్రైవేటు కాలేజీ ఎంఎస్ సగం ఖర్చుతో, త్వరగా అయిపోతుంది. డిగ్రీ డిగ్రీయే కదా?
– ఒక పాఠకుడు

జవాబు: హెచ్-1బి దగ్గరికి వచ్చేసరికి కాదు. ఏటా ఉన్న 65,000 వీసాలకు తోడు అమెరికా మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000 ఉంటాయి. ఆ వాటాలోకి రావాలంటే డిగ్రీ ఇచ్చిన సంస్థ పబ్లిక్‌ది గానీ, లాభాపేక్ష లేని ప్రైవేటుది గానీ అయి ఉండాలి, డిగ్రీ ఇచ్చేనాటికి గుర్తింపు ఉండాలి. లాభం కోసం నడిపే కాలేజీలో చేసిన ఎంఎస్ అందులోకి రాదు. ప్రభుత్వం నడిపే 'కాలేజ్ నావిగేటర్' వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు కొడితే అది ఏ కోవలోదో మొదటి వరుసల్లోనే కనిపిస్తుంది. స్టేట్ యూనివర్సిటీకి ఈ విషయంలో బెంగలేదు.

బెంగ ఇంకొక చోట ఉంది. ఒకే పేరుతో చాలా క్యాంపస్‌లు ఉంటాయి. పర్డ్యూ అనగానే అందరికీ గుర్తొచ్చేది వెస్ట్ లఫాయెట్, కానీ ఫోర్ట్ వేన్, నార్త్‌వెస్ట్ వేరే క్యాంపస్‌లు. పెన్ స్టేట్‌లో బీఎస్ వాళ్లలో కొందరికి మొదటి రెండేళ్లు చిన్న క్యాంపస్‌లో, తర్వాతి రెండేళ్లు యూనివర్సిటీ పార్క్‌లో చదివేలా సీటిస్తారు. చెడ్డదేం కాదు, తెలిసి వెళ్తే చాలు. వీసా కోసం యూనివర్సిటీ పంపే ఐ-20 పత్రం మొదటి పేజీలో స్కూల్ అడ్రస్ అన్న గడి చూసుకుని, మీరనుకున్న ఊరు కాకపోతే సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల నమోదుకు అమెరికా ప్రభుత్వానికి కట్టేది) కట్టకముందే ఇంటర్నేషనల్ ఆఫీసుతో మాట్లాడండి.